ఓదెలు కాక తలమందు

“అవ్వా, మెదడువాపుకు చెట్లల్ల ఏమన్న మందు దొరుకుతదా అని మా కాలేజీల చూస్తున్నరు. మీ ధౌడల్ల ఓదెలు తాత అని ఒకాయన తలమందు ఇస్తుండె అని అమ్మ చెప్పింది. ఆ ముచ్చట చెప్పవా? ఫోన్ల రికార్డు చేసుకుంట.”

చెప్త బిడ్డా. చిన్న ముచ్చటే అది, నాలుగు మాటలల్ల అయిపోతది. నువ్వు ఛాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపు మొత్తం నీ ఫోన్ల పడ్తది. జర ఆ ఫోను ఇటు జరుపు. అక్కడుంటే నాకంటె ఫ్యానే ఎక్కువ మాట్లాడినట్టు వస్తది.

ఓదెలు కాక మా ఊరాయనే. ఊరంటే నువ్వు బస్సు దిగిన ఊరు కాదు, బొగ్గుబాయి రాకముందటి ఊరు. అది ఇప్పుడు ఓపెన్‌కాస్టు తవ్వకంల పోయింది. నేను పుట్టిన ఇల్లు ఏడుండె అని ఎవలన్న అడిగితే గాలిలకు వేలు పెట్టి చూపియ్యాలె, కింద నేల లేదు కద. సరే, అది వేరే ముచ్చట. ఓదెలు కాక మేకలు కాసేటోడు. నా లగ్గానికి ఆయన మేకనే కోసిండ్రు. ముసలి మేక. అది ఉడికేసరికి పెండ్లికొడుకు దిక్కోళ్ళు సగం మంది పప్పుతోని తిని లేచిండ్రు. ఇప్పటికి మా ఆడబిడ్డలు ఆ మాట ఎత్తుతరు. వాళ్ళింట్ల పెండ్లికి చారు తప్ప ఏం పెట్టలె, నేను ఎన్నడన్న అన్ననా.

గోదావరిఖని అప్పుడు ఇంత లేకుండె. బాయిలు కొత్తగ తవ్వుతున్న కాలం. ఊర్లె నాగలి వట్టినోళ్ళంత తట్టా, బొగ్గు ఎత్తే చెమ్మస పట్టుకొని బాయిల దిగిండ్రు. మీ తాత కొంరయ్య దిగిండు. ఓదెలు కాక కొడుకు రాజేశం దిగిండు. ఇద్దరు ఒక్కటే జట్టు, ఒక్కటే షిఫ్టు, బొగ్గు ఎత్తి టబ్బులల్ల నింపుడు పని. కంపెనీ వరుసగ కట్టిచ్చిన ఇండ్లల్ల పక్కపక్కన దొరికినయి మాకు. ధౌడలంటుండె వాటిని. గోడ ఎంత పల్చగుండె అంటే, పక్కింట్ల ఏం కూర వండుకున్నరో వాసన చూడనక్కర లేదు, తిట్టుకునుడు ఇంటె సాలు. నేను కావాలని ఎన్నడు ఇనలె. ఇనబడేది.

ఓదెలు కాకకు మేకలు పోయినంక పని లేదు. ఆకులు మిగిలినయి. ఆయన శాస్త్రం ఒక్కటే. మేక తినే ఆకు మేత, మేక తినని ఆకు మందు. గంతే. ‘మరి మనిషి తినంది ఏందే కాకా’ అని అడిగిన ఒకపారి. ‘అది నా కోడలు వండిన కూర బిడ్డా’ అన్నడు. కోడలు లచ్చవ్వ గోడ అవుతల ఇన్నది. ఆ పూట ఆయనకు ఆ కూర సుత దొరకలె.

ఇగ తలమందు. తలనొస్తే పూసుకునేది. తలనొప్పి ఎట్లైన రెండు దినాలకు పోతది. ఆయన మందు పూసినా రెండు దినాలకే పోయేది. కని మస్తు పేరుండె. అండ్ల వాయిలాకు ఉన్నదని వాసనకు అందరికి తెలుసు. అదే, మీరు వావిలాకు అంటరు. బాలింతలకు నీళ్ళల్ల మరగబెట్టి పోస్తం చూడు, అది. పసుపున్నది, మిరియాలున్నయి, అది సుత తెలుసు. ఇంకొక ఆకు ఉన్నది. అది ఎవ్వలికి తెల్వది. గోడ దిక్కు తిరిగి నూరేటోడు. నూరినంక రంగు చూసి ఆకు ఏందో తెలుస్తదని పిడికెడు బొగ్గుపొడి కలిపేటోడు. బొగ్గుకు కరువు లేదు కద మాకు. అందుకే ఆయన మందు పూసుకున్నోడు బాయికి పోకున్న బాయిల నుంచి వచ్చినట్టుండె.

ఏం ఆకే అని అడిగితే చెప్పకపోయేది. ‘పేరు బయటపడితె మందు సచ్చిపోతది. మా నాయిన పోయేముంగట నా చెవుల చెప్పిండు. నేను పోయేముంగట నా కొడుకు చెవుల చెప్త’ అనేటోడు. అట్లనే ఉంటుండె బిడ్డా అప్పుడు. మా దిక్కు పసరు మందులోళ్ళందరిది అదే పద్ధతి.

ఆ యేడు వానలు జోరుగ పడ్డయి. ఏ యేడు అంటవా? మీ పెద్దమామ కడుపుల ఉన్నడు. కాదు కాదు, పుట్టిండు, పాకుతున్నడు. బతుకమ్మ ఇంక నెల ఉన్నది. ధౌడల ఎన్క గుంతలన్ని నిండినయి. దోమలంటే నువ్వు ఇప్పుడు చూసే దోమలు కావు. దవాఖానకు కొత్తగ ఒక డాక్టర్ సారు వచ్చిండు, కోస్తా దిక్కు మనిషి, అందరిని గారు గారు అంటడు. ఆయన ధౌడ ధౌడ తిరిగి, ‘నీళ్ళు నిలవనివ్వకండి, దోమ కుట్టే మెదడువాపు జ్వరం వస్తుందండి’ అని చెప్పిండు. మేము మంచిగ ఇని, ఆయన పోయినంక నవ్వుకున్నం. దోమ ఇంతుంటది, తలకాయ ఇంతుంటది. కుడితె దద్దు వాస్తది గని లోపల మెదడు ఎట్ల వాస్తది. ఓదెలు కాక అయితే, ‘పాపం మంచోడే, గని చదువు ఎక్కువైంది’ అన్నడు.

పది దినాలు తిరగకముందే రాజేశం బాయిల పడిపోయిండు. పొద్దుగాలనే తలనొస్తుందని అన్నడట. మీ తాత, ‘లచ్చవ్వ మాట ఇన్నవా పొద్దున’ అని పరాచకం ఆడిండట. కొంతసేపటికి వాంతులు చేసుకొని, టబ్బు పక్కన పడి, ఏందేందో మాట్లాడుతున్నడు. జట్టోళ్ళు మోసి పైకి తెచ్చిండ్రు. దవాఖానల వేసేసరికి ఒళ్ళు కాలుతున్నది, మెడ కట్టెలెక్క అయింది. తెల్లారి మూర్చలు వచ్చినయి. డాక్టర్ సారు ‘ఫిట్స్’ అన్నడు. ఆ మాట మా ధౌడకు అప్పుడే వచ్చింది. గుర్తు పెట్టుకో, మళ్ళ వస్తది.

‘మెదడు వాచిందమ్మా’ అన్నడు సారు. లచ్చవ్వ చీర కొంగు నోట్లె పెట్టుకొని, ‘ఎంత వాచింది సారూ’ అన్నది. ‘లోపల వాచింది, బయటికి కనపడదమ్మా’ అన్నడు. ఓదెలు కాకకు ఆ మాట నచ్చలె. కనపడని వాపు ఏంది అని ఆయన బాధ. కాలు వాస్తె చెప్పు పట్టది, వేలు వాస్తె ఉంగరం రాదు. అట్లనే తలకు ఏదన్న ఉండాలె కద అన్నడు.

ఉన్నది. బాయిల పెట్టుకునే టోపీ. గట్టి టోపీ, ముంగట దీపం తగిలిచ్చేది. రాజేశాన్ని మోసుకొచ్చిన నాడే వాని టోపీ తెచ్చి ఇంట్ల గోడ మొలకు తగిలిచ్చిండ్రు. కాక దాన్ని దవాఖానకు పట్టుకొచ్చి, తెలివి లేకుండ పడున్న కొడుకు తలకు పెట్టి చూసిండు. చెవుల దాంక సుత దిగలె. నెత్తి మీద పిట్ట కూసున్నట్టు కూసున్నది. నా కండ్లతోని చూసిన. ధౌడ ధౌడంత వచ్చి చూసింది. ఇగ ఎవ్వలికి అనుమానం లేదు. వాపు రెండు వేళ్ళ వెడల్పు ఉన్నదని లెక్క కట్టిండ్రు.

సారు సూదులు ఏపిస్తున్నడు, సీసా ఎక్కిస్తున్నడు. ‘తలకి ఏమీ పూయొద్దండి’ అని కాకకు గట్టిగ చెప్పిండు. కాక మాట తప్పే మనిషి కాదు. తలకు పుయ్యలె. అరికాళ్ళకు పూసిండు. అక్కడ పూస్తె పైకి ఎక్కుతదట. ఆ దవాఖానల ఆయమ్మ మార్తమ్మ మా వరుసలనే ఉంటుండె, ఆదివారం చర్చికి పోయి, సోమవారం సంది మమ్ముల అందరిని సరిదిద్దేది. ఆమె పొద్దున్నే వచ్చి అరికాళ్ళు స్పిరిట్ పెట్టి తుడిచేది. కాక మాపటికి మళ్ళ పూసేటోడు. ఇద్దరు ఒకలకొకలు ఒక్క మాట అనుకోలె. ఏడోనాడు రాజేశం కండ్లు తెరిచిండు. ‘ప్రభువు దయ’ అన్నది మార్తమ్మ. ‘మందు మోకాళ్ళు దాటింది’ అన్నడు కాక. డాక్టర్ సారు పక్క మంచం దిక్కు పోయిండు. అక్కడ మా ఎనక వరుస ధౌడల చిన్నపిల్ల ఉండె.

ఆ పిల్ల దక్కలె. ఆ వానకాలం ధౌడల్ల ఇద్దరు పిల్లలు పోయిండ్రు. వాళ్ళ తల్లుల కాడికి పోయిన గని ఏం మాట్లాడిన్నో గుర్తులేదు. నాకు మాటలు గుర్తులేకపోవుడు అది ఒక్కపారే.

ఏందే, ఏదో అంటున్నవు?

“తలకు పూస్తె మెదడు దాంక పోదు అవ్వా. మందులు లోపలికి పోకుండ మెదడుకు కంచె లెక్క ఒకటి ఉంటది. పసుపుల గుణం ఉన్న సుత ఆ కంచె దాటుడే కష్టం.”

కంచె ఉంటదా. మరి కల్లు ఎట్ల పోతది బిడ్డా. మీ తాతకు ఆ కంచె ఎన్నడు అడ్డం రాలె.

సరే. రాజేశం ఇంటికి వచ్చిండు. ఇగ సారు చూడడు కద, కాక తలకే మొదలుపెట్టిండు. పొద్దున పూసుడు, మాపటికి కడుగుడు, కడిగినంక టోపీ పెట్టి చూసుడు. అది మాకు సినిమా లెక్క. షిఫ్టు దిగినోళ్ళు మొఖం కడుక్కొని వచ్చి కూసునేటోళ్ళు. ‘నిన్నటికంటె దిగింది’ అని ఒకడు, ‘లేదు, జుట్టు తడిసి జారింది’ అని ఒకడు. రాజేశం మంచిగనే ఉన్నడు. బువ్వ తింటున్నడు, పేర్లు వట్టి పిలుస్తున్నడు, బాకీ ఉన్నోళ్ళను చూసి దాక్కుంటున్నడు. తెలివి మొత్తం వచ్చినట్టే. తల దిగలె.

ఇగ మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలె, ఇన్నంక నవ్వకు. అదే దినాలల్ల మీ తాత తల చిన్నగ అయితున్నది. నిజం. బాయికి పోంగ ఆయన టోపీ ముక్కు దాంక జారుతుండె. దోస్తు పడిపోయిన నాటి సందే మొదలైంది. రందితోని తల ఎండుతుందనుకున్న నేను. ఎవ్వలికి చెప్పలె, చెప్తె నవ్వుతరు. నాకు అందరి ముచ్చట్లు ఉండాలె గని నా ముచ్చట ఎవలకన్న ఉంటె ఎట్ల. లోపల గుడ్డ మడిచి పెట్టిచ్చి పంపిన. ఒక్క మస్టరు పైసలు, అంటే ఒక దినం కూలి, మొత్తం పోయినా సరే అని బాదం పలుకులు తెప్పిచ్చి నానబెట్టి తినిపిచ్చిన. అయినా జారుడే. ఇగ ఉండబట్టక ఒకనాడు కాక కాడికి పోయి మెల్లగ చెప్పిన. ఆయన ఇని, మీ తాత తల చుట్టు చెయ్యి తిప్పి, అదే మందు ముద్ద నా చేతుల పెట్టిండు. ‘ఇది వాపు దించేది కదనే’ అన్న. ‘వాచిన తలను దించుతది, దిగిన తలను పెంచుతది. దానికి తెలుసు బిడ్డా’ అన్నడు. పూసిన. ఏం చేస్త.

సారు రాజేశాన్ని చూసి, నడిపిచ్చి, లెక్కలు అడిగి, చీటీ రాసి ఇచ్చిండు. ఫిట్ అని. అంటే డ్యూటీకి పోవచ్చు అని. రాజేశం ఇంటికొచ్చి, ‘బాపూ, సారు ఫిట్ రాసిండు’ అన్నడు. కాక నెత్తికి చేతులు పెట్టుకున్నడు. ‘నేను చెప్పలేదా. ఫిట్సు ఇంక పోలేదని డాక్టరే రాసిచ్చిండు. సంతకం సుత పెట్టిండు’ అని ధౌడంత తిరిగి చూపిచ్చిండు. చదువచ్చినోడు ఒకడు, ఫిట్ వేరు ఫిట్స్ వేరు అని చెప్పపోయిండు. ‘మరి టోపీ ఎందుకు పట్టది’ అన్నడు కాక. చదువచ్చినోడు సుత టోపీ తీస్కొని రాజేశం నెత్తికి పెట్టి చూసిండు.

లచ్చవ్వకు అటు భయం ఇటు భయం. ఫిట్ రాసినంక డ్యూటీకి పోకుంటె గైర్‌హాజర్ పడ్తది. అది నిండితె పేరు కొట్టేస్తరు, ఇల్లు ఖాళీ చెయ్యాలె. పంపితె మొగడు బాయిల మళ్ళ పడ్తడేమో. ఒకనాడు గోడ అవుతల నుంచి పిలిచింది. ‘అక్కా, ఏం చెయ్యాలె. మామకు ఎదురు చెప్పలేను, టోపీకి ఎదురు చెప్పలేను’ అన్నది. నేను ఎవ్వలికి సలహా ఇయ్య. ‘నువ్వైతె పంపు’ అన్న.

గైర్‌హాజర్ నిండే ఆఖరు దినం పొద్దు షిఫ్టుకు పంపింది. మీ తాత, రాజేశం కలిసి పోయిండ్రు, కాక ఎనకాల్నే పోయిండు, కొడుకు పడితె పట్టుకుందామని. దీపాలిచ్చే ల్యాంప్ రూం కాడ ఇద్దరు పక్కపక్కన నిలబడ్డరు. ఒకని టోపీ నెత్తి మీద అటు ఇటు ఊగుతున్నది. ఇంకొకనికి ముక్కు దాంక దిగి గోడ కనపడుతలేదు. దీపాలిచ్చే ఆయన ఇద్దరి దిక్కు కొంచెంసేపు చూసిండు. కిటికీల నుంచి రెండు చేతులు చాపి, ఇటుది అటు పెట్టిండు, అటుది ఇటు పెట్టిండు. రెండు సక్కగ కూసున్నయి.

రాజేశాన్ని మోసిన నాడే మారినయి. ఆ ఆగమాగంల ఎవలది ఎవలకు తెలుస్తది. రెండు నల్లగనే ఉంటయి, నంబర్లు ఎప్పుడో అరిగిపోయినయి. నెలలకు నెలలు రెండిండ్లల్ల ఒకని తల దించుతున్నం, ఒకని తల పెంచుతున్నం. బాదం పలుకులు తిన్నది మాత్రం మీ తాతనే. ఆ యేడు మనిషి నిగనిగలాడిండు.

కాక ఇజ్జత్ పోయిందనుకున్నవా. లేదు. అక్కడ్నే, ల్యాంప్ రూం ముంగట, ‘చూసినవా, వాని తల ఎప్పుడో దిగింది. కొంరయ్య తల పెరిగింది. టోపీలే ఆలస్యం చేసినయి’ అన్నడు. నమ్మిండ్రు. బెల్లంపల్లి నుంచి సుత మనుషులు రాబట్టిండ్రు. రాజేశాన్ని చూపిచ్చేటోడు. మార్తమ్మ ఒక్కతే, ‘మరి సూదులు ఎవలు వేసిండ్రు’ అని అడిగేది. ‘అవి నొప్పికి’ అనేటోడు.

ఇగ నీకు కావలసిన ముచ్చట ఇదీ. డాక్టర్ సారు ఒకనాడు మా ధౌడకు నడుచుకుంట వచ్చిండు. కాక నులక మంచం మీద కూసున్నడు. నేను ఛాయ్ ఇచ్చిన, ఇయ్యకపోతె అక్కడ నిలబడనీకి వేరే పని లేదు నాకు. ‘ఓదెలు గారూ, నిజం చెప్తాను. మూర్ఛలు ఆపే మందు నా దగ్గర ఉంది. జ్వరం దింపే మందు ఉంది. ఆ వాపుకి సరైన మందు నా దగ్గర లేదండి. మీ అబ్బాయి తన బలంతో బతికాడో, దేనితో బతికాడో నేను చెప్పలేను. మీ ఆకులో గుణం ఉండొచ్చు, లేకపోవచ్చు. పేరు చెప్తే పట్నంలో పరీక్ష చేయిస్తాను. ఉంటే పిల్లలు దక్కుతారు’ అన్నడు. పిల్లలు అన్నప్పుడు ఆయన ఎనక వరుస ధౌడల దిక్కు చూసిండు. నేను చూసిన.

కాక, ‘సారూ, చెప్తె సచ్చిపోతది’ అన్నడు. ‘ఎవరు’ అన్నడు సారు. ‘మందు’ అన్నడు కాక. కాక కండ్లల్ల నీళ్ళున్నయి బిడ్డా. కావాలని దాచినోడు కాదు. చెప్తె ఆ పిల్లలకు పనిచెయ్యదని నమ్మినోడు. సారు ఛాయ్ మొత్తం తాగి, ‘మీరు పోయేముందు చెప్తారటగా, అప్పుడన్నా మీ అబ్బాయిని రాసుకోమనండి’ అన్నడు. మర్యాదస్తుడు. అంత మంచిగ అడిగిండు ‘ఎప్పుడు పోతరు’ అని.

అప్పుడు మార్తమ్మ నాకు ఒక సంగతి చెప్పింది, ఎవ్వలికి చెప్పొద్దని. నేను నలుగురికి మించి చెప్పలె. ‘వదినె, ఆయన రోజు పొద్దుగాల మా దవాఖాన ఎనక కంచె పొంటి వంగి ఏదో తెంపుతడు. నేను కిటికీల నుంచి చూస్త’ అన్నది. ఏం తెంపుతడే అంటె, ‘అక్కడ ఇరవై తీర్ల పిచ్చిచెట్లు ఉన్నయి, కండువ అడ్డం పెట్టుకొని తెంపుతడు’ అన్నది. చూడు మరి. దవాఖానతోని కొట్లాడే మందు దవాఖాన కంచెకే మొలిచింది.

మళ్ళ వానకాలం వచ్చింది. ఈపారి కాకకే పట్టింది. అదే జ్వరం, అదే మెడ. రాజేశం ఎత్తుకొని దవాఖానకే ఉరికిండు. తలమందు పూద్దామంటె నూరేటాయన ఆయన ఒక్కడే. మాకు ఫికర్ మొదలైంది. మనిషి పోతె పోతడు, వయసైంది. మందు పోతది. రాజేశం మూడు దినాలు తండ్రి నోటి కాడ చెవి పెట్టి కూసున్నడు. బువ్వకు సుత లేవలె. సారు సుత వచ్చినప్పుడల్ల, ‘ఏమైనా చెప్పారా’ అని అడిగి పోయేటోడు.

చెప్పిండు. అన్ని చెప్పిండు. జ్వరంల నోరు ఆగలె. పక్కూరోని పొట్టేలును అమ్ముకున్న సంగతి చెప్పిండు. ఆ పొట్టేలు రంగు సుత చెప్పిండు. మంథని జాతరల గాజులమ్మే ఒక ఆమె పేరు చెప్పిండు. ఆ పేరు ఇని లచ్చవ్వ మొఖం తిప్పుకున్నది, రాజేశం తిప్పుకోలె, చెవి తీస్తె ఆకు పేరు పోతదని. నా గురించి సుత ఒక మాట అన్నడట. ఏందిర అది అని రాజేశాన్ని ఇప్పటి దాంక అడుగుతున్న. నవ్వుతడు. ఆకు ముచ్చట మాత్రం ఎత్తలె. ఎట్ల ఎత్తుతడు. అది చెప్తె పోతున్నట్టు. ఆయన పోనీకి ఒప్పుకోలె.

పోలె. పదో దినం లేచి కూసుండి జొన్న గటక అడిగిండు. కొడుకును గుర్తుపట్టిండు, కోడలిని గుర్తుపట్టి ‘ఉప్పు తక్కువైంది’ అన్నడు. నన్ను, మీ తాతను గుర్తుపట్టిండు, ఎప్పుడో పోయిన తన మేకలను సుత పేరు పేరున తలుసుకున్నడు. రాజేశం దగ్గరికి జరిగి, ‘బాపూ, తలమందు’ అన్నడు. ‘ఏం మందు’ అన్నడు కాక.

దాస్తున్నడనుకున్నం. నేను ఒక వాయిలి కొమ్మ తీస్కపోయి ముక్కు కాడ పెట్టిన. ‘ఇదేంది కాకా’ అన్న. చూసిండు. ‘ఆకు’ అన్నడు. దాచే మనిషి మొఖం నాకు తెలుసు బిడ్డా, ధౌడంత దాచేటోళ్ళే. అది దాచే మొఖం కాదు. అన్ని ఉన్నయి, అది ఒక్కటే పోయింది.

డాక్టర్ సారు రంది పడలె. ‘చెట్ల మధ్య తిరగనిద్దాం, చూస్తూ ఉంటే గుర్తుకు రావచ్చు’ అని దవాఖాన తోటల చిన్న పనికి పెట్టిచ్చిండు. ఊకె తిరిగితె సాలు, అదే పని. వారం మంచిగ తిరిగిండు. పూలకు నీళ్ళు పోసిండు. ఇంతల సారు చెల్లె పెండ్లి అని లీవు పెట్టి వాళ్ళ ఊరు పోయిండు.

ఛాయ్ సల్లారిందా? పెడ్త ఆగు. అయిపోయింది. నేను చెప్పలె నాలుగు మాటలే అని. నువ్వు మంచిగ చదువు బిడ్డా, నీ చెయ్యి సల్లగుండాలె, నీ చేతుల మందు పదిమందికి పనిచెయ్యాలె. పేరు మాత్రం ఎప్పటికప్పుడు రాసుకో. ఆఁ, ఆ ఆఖరు ముచ్చట.

సారు పోయిన రెండోనాడు మార్తమ్మ ఉరుక్కుంట వచ్చింది. ‘వదినె, కాక తనంత తనే ఎనక కంచె దిక్కు పోతున్నడు, రా’ అన్నది. కాళ్ళకు గుర్తున్నదన్నట్టు. ఇద్దరం ఉరికినం. ఆ ఇరవై చెట్లల్ల ఏ చెట్టు కాడ వంగుతడో చూస్తె అయిపాయె. మేము పోయేసరికి కంచె పొంటి అంత కొత్తగ అలికిన వాకిలి లెక్క ఉన్నది. తోట మేస్త్రి కొడవలి ఇచ్చి, ఊకె తిరుగుడు ఎందుకు అన్నడట. కాక వేళ్ళతోని సహ పీకి, కుప్ప పెట్టి, అగ్గి అంటిచ్చి, పక్కన కూసున్నడు. ‘మంచిగ శుభ్రం చేసిన్నా కనకవ్వా’ అని నన్ను అడిగిండు.

పచ్చి ఆకు కద, ఆ పొగ మూడు దినాలు ఆరలె. ధౌడలన్నిట్ల నిండింది. అందరం దగ్గినం. ఆ మూడు దినాలు ధౌడల్ల ఒక్క దోమ లేదు. సారు లీవు నుంచి వచ్చి, ఈ మాట ఇని, ఏం చెట్లు కాల్చిండ్రని అడిగిండు. కాక ఆలోచన చేసిండు.

‘పిచ్చిచెట్లు సారూ’ అన్నడు.

నాలుగోనాడు దోమలు మళ్ళ వచ్చినయి.